ఆకోరు లోయకు తలుపు ఉంది

ధ్యాన భాగం: హోషేయ 2:14–15, యెహోషువ 7



ఈ మధ్య మన చింతపల్లి కొండల సంఘాలలో ఒక మాట తరచుగా వినబడుతోంది. "గంజాయి కేసులో జైలుకు వెళ్లొచ్చినవాడిని ప్రభువు బల్లలో పాలుపొందనివ్వకూడదు, సంఘానికి చెడ్డపేరు" అని. వినడానికి ఇది పరిశుద్ధత కోసం ఆరాటంలా ఉంటుంది. కానీ ఇది సువార్తకు విరోధమైన మాట అని మేము గట్టిగా చెప్పదలిచాం.

ముందుగా, పాపాన్ని పాపమనే పిలుద్దాం. మనం ఎగుమతి చేసిన మత్తు ఏదో పట్నంలో ఒక తల్లి బిడ్డను పాడుచేస్తుంది. కడుపు కోసం చేశామన్నంత మాత్రాన అది పుణ్యమైపోదు. అయితే ఆ పాపం ఎవరిది? 2021 చివరలో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో మన మన్యంలో 7,000 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఇదంతా మోతకూలికి వెళ్లిన నలుగురు కుర్రాళ్ల పనా? పెట్టుబడి పెట్టినవాడు ఉన్నాడు, కొన్నవాడు ఉన్నాడు, తెలిసీ నోరు మెదపని ఊరు ఉంది. 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష. సరుకు సొంతదారు ఆ బండిలో కూర్చోడు. దొరికినవాడే పాపి, దొరకనివాడు విశ్వాసి అనే లెక్క పోలీసు స్టేషనులో చెల్లుతుందేమో గానీ దేవుని సన్నిధిలో చెల్లదు.

ఆకాను సంగతి చూడండి. శపితమైన సొమ్ము తెచ్చి డేరాలో నేల కింద దాచాడు. ఇశ్రాయేలంతా ఓడిపోయింది. అతను శిక్ష పొందిన చోటుకు ఆకోరు లోయ, అంటే శ్రమల లోయ అని పేరు వచ్చింది. వందల ఏళ్ల తరువాత హోషేయ ద్వారా దేవుడు అదే లోయను నిరీక్షణ ద్వారంగా చేస్తానన్నాడు. ఆ పాపం జరగలేదని అనలేదు, లోయ పేరు చెరిపివేయలేదు. ఆ లోయలోనే తలుపు పెట్టాడు. దైవకనికరమంటే ఇదే.

సిలువ మీద దొంగ తన శిక్ష న్యాయమేనని తానే ఒప్పుకున్నాడు (లూకా 23). ప్రభువు అతనికి పరదైసు తెరిచాడు. ఆ రోజు మన పెద్దలు అక్కడ ఉండి ఉంటే, సంఘానికి చెడ్డపేరని అడ్డుపడేవారేమో! కొరింథు సంఘం శిక్షించినవాడిని క్షమించి ఆదరించమని, లేకుంటే దుఃఖంలో మునిగిపోతాడని పౌలు హెచ్చరించాడు (2 కొరింథీ 2). కోర్టు వేసే శిక్షకు ఒక గడువుంది. సంఘం వేసే వెలికి గడువు లేకపోతే, మనం కోర్టు కంటే కఠినులమైనట్టే.

ఇంకో పక్క కొందరు, "ప్రభువు క్షమించాడు, ఇక ఆ సంగతి ఎత్తొద్దు" అంటారు. ఆ డబ్బు మాత్రం ఇంట్లోనే ఉంటుంది, అందులో కొంత కానుక పెట్టెలోకీ వస్తుంది. దీనినీ మేము ఒప్పుకోం. జక్కయ్య ఇంట్లో ప్రభువు అడుగు ముందు పడింది, నాలుగంతలు తిరిగి ఇవ్వడం తరువాత వచ్చింది. కానీ వచ్చింది! దేవుని మందిరంలోకి రాకూడని సొమ్ము ఉందని ద్వితీయోపదేశకాండము 23:18 చెబుతోంది. ఆ సొమ్ముతో వేసిన స్లాబు కంటే గడ్డికప్పు మేలు.

కాబట్టి సంఘమా, జైలులో ఉన్నవాడిని చూడ్డానికి వెళ్లు; మత్తయి 25లో ప్రభువు అడిగేది అదే. అతని భార్యాపిల్లలు పస్తులుండకుండా చూడు. తిరిగి వచ్చాక పెద్దలు అతనితో కూర్చుని, పాపం ఒప్పుకొని విడిచిపెట్టడానికి తోడుండాలి. కాఫీ తోటలోనో మిరియాల పాదుల దగ్గరో నాలుగు రోజుల పని చూపించాలి. ఆ తరువాత బల్ల దగ్గర చోటివ్వాలి.

మనం తలుపు మూస్తే అతను వీధిలో నిలబడిపోడు. సరుకు వ్యాపారి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అడ్వాన్సు చేతిలో పెట్టి మరీ పిలుస్తాడు. అతనికున్నపాటి తొందర మనకు లేదా?

కనికరముగల తండ్రీ, మా లోయలో నీవు పెట్టిన తలుపును మా చేతులతో మూయనివ్వకుము. ఆమేన్.