వాట్లు పెరిగితే దారి కనిపిస్తుందా?

రాత్రి పదకొండు దాటాక సైబర్ టవర్స్ దగ్గర బయల్దేరి నానక్‌రాంగూడ మీదుగా కోకాపేట దాకా బైకు మీద వెళ్లేవాళ్లకు వెలుతురు దారి పొడవునా ఒకే తీరున ఉండదు. మైండ్‌స్పేస్ ముందు సూది పడినా కనిపిస్తుంది. మరికొన్ని కిలోమీటర్లు పోయి, కొత్త టవర్లు లేస్తున్న లోపలి రోడ్లలోకి మళ్లితే సంగతి వేరు. రెడీమిక్స్ లారీలు కార్చిన కాంక్రీటు గడ్డలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, రోడ్డంచున కుప్పపోసిన కంకర ఎదురవుతాయి. వీటిని చూపించాల్సింది బండి హెడ్‌లైటే.

ఈ ఐటీ కారిడార్‌లో దీపాలకు కొదవేం లేదు, అవి ఉన్నచోటికి బైకును రానివ్వకపోవడమే చిక్కు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలో ఎల్‌ఈడీ దీపాలున్నాయి, ద్విచక్ర వాహనాలకు మాత్రం ప్రవేశం లేదు. ఔటర్ పక్కనే 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్‌కూ దీపాలున్నాయి. అక్కడికీ మోటారు బండి వెళ్లకూడదు. బైకుకు మిగిలింది సర్వీసు రోడ్డు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రమాదాలు అన్నిటికంటే ఎక్కువగా నమోదైంది సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య, అంటే ఆఫీసులు వదిలే వేళ, లైటు వేసుకోక తప్పని వేళ.

అందుకే పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాల్లో హెడ్‌లైటు బల్బులకు గిరాకీ. ఫుడ్ డెలివరీ కుర్రాళ్ల నుంచి బుల్లెట్ కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దాకా అందరూ అడిగేది ఒక్కటే, ‘ఇంతకంటే ఎక్కువ వెలుతురిచ్చేది ఉందా?’ అని. దుకాణదారు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. బుల్లెట్‌లో కంపెనీ ఇచ్చిన హెచ్4 బల్బు 60/55 వాట్లు. దాని స్థానంలో 90/100 ఇస్తాడు. లేదంటే తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ. శ్రీశైలం ఘాట్‌కు వెళ్తామంటే అదనపు లైట్ల జత. ఆ అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీ శాఖ మూసేస్తుంది కాబట్టి ఘాట్ కోసం కొన్న లైట్లు వెలిగేది ఎక్కువగా గచ్చిబౌలిలోనే. మర్రిచెట్ల మధ్య సాగే బీజాపూర్ రోడ్డులో చీకటి పడ్డాక అనంతగిరి నుంచి తిరిగొచ్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మంచి లైటు నిజంగానే కావాలి.

అసలు కంపెనీ బల్బు ఎందుకు మసగ్గా వెలుగుతుందన్నది ఎవరూ అడగరు. చాలా బళ్లలో బల్బు దోషం ఉండదు, దాని దాకా వచ్చే కరెంటులోనే లోటు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఇగ్నిషన్ స్విచ్‌లోంచి, హ్యాండిల్ మీది డిప్పర్ స్విచ్‌లోని చిన్న రాగి ముక్కల్లోంచి, సన్నటి తీగల్లోంచి, నాలుగైదు కనెక్టర్లలోంచి నడిచి బల్బుకు చేరుతుంది. ప్రతి మజిలీలో కొంత వోల్టేజీ జారిపోతుంది. ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు పెడితే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు చూపించి, హోల్డర్ దగ్గర 12.2 చూపించే బళ్లు ఉంటాయి. తేడా 1.6 వోల్టులే అనిపిస్తుంది. కానీ హాలోజెన్ బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పోతుంది. పై లెక్కలో మూడో వంతు వెలుతురు తీగల్లోనే ఆవిరైపోయినట్టు.

ఇప్పుడు అదే తీగల మీద 100 వాట్ల బల్బు వేస్తే ఏమవుతుంది? 12 వోల్టుల లెక్కన 60 వాట్లకు 5 ఆంపియర్లు పారే చోట 8.3 ఆంపియర్లు పారాలి. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక దాదాపు మూడు రెట్లవుతుంది. వోల్టేజీ నష్టమూ పెరుగుతుంది. డబ్బు పోసి కొన్న వాట్లలో కొన్ని హోల్డర్‌ను కాల్చడానికే పనికొస్తాయి. మెకానిక్ షెడ్లలో హెడ్‌లైటు డూమ్ విప్పినప్పుడు గోధుమ రంగుకు తిరిగి, అంచులు కరిగి, బల్బు పిన్నులకు అతుక్కుపోయిన ప్లాస్టిక్ హోల్డర్లు కనిపించేది అందుకే. ఆ వాసన తెలిసిన మెకానిక్ డూమ్ తెరవకుండానే చెప్పేస్తాడు, ‘అన్నా, నైంటీ–హండ్రెడ్ వేశావా?’ అని.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి మందపాటి తీగను నేరుగా బల్బు దగ్గరికి లాగి, మధ్యలో రిలే పెడతారు. ఎర్త్ తీగనూ విడిగా బ్యాటరీకే తెస్తారు. ప్లాస్టిక్ హోల్డర్ తీసేసి సిరామిక్ హోల్డర్ వేస్తారు. హ్యాండిల్ మీది స్విచ్ ఇక రిలేను పలకరిస్తే చాలు. దాని గుండా పావు ఆంపియర్ కూడా పారదు, అసలు భారమంతా కొత్త తీగది. అదే 60/55 బల్బు ఉన్నట్టుండి తెల్లబడుతుంది. బల్బు మార్చకుండా ఇంత తేడా వస్తుందంటే మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు. దుకాణంలో బల్బు అమ్మినంత తేలిగ్గా ఈ పని అమ్ముడుపోదు. గంటా రెండు గంటల కూలి, ఓపిక కావాలి. పైగా కంపెనీ వైరింగ్ కోస్తే వారంటీ మాట ఎత్తుతారు. కాబట్టి కోత లేకుండా కనెక్టర్లతోనే బిగించే కిట్ అడగడం మేలు.

అయితే ఈ మందు అన్ని బళ్లకూ పనిచేయదు. స్ప్లెండర్ తరహా 100 సీసీ బళ్లలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలగదు, ఇంజను కాయిల్ నుంచి నేరుగా ఏసీ కరెంటు తీసుకుంటుంది. సిగ్నల్ దగ్గర రేసు తగ్గగానే లైటు గుడ్డిదీపమయ్యేది అందుకే. కొత్తగూడ నుంచి సైబర్ టవర్స్ దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో ఇలాంటి బండి హెడ్‌లైటు మినుకు మినుకుమంటూనే ఉంటుంది. డీసీ కన్వర్షన్ చేయించి, రెక్టిఫైయర్ మార్చి బ్యాటరీ మీదికి తేవచ్చు. కానీ ఆ కాయిల్ ఇచ్చే కరెంటే తక్కువ, 35/35 వాట్ల హెచ్ఎస్1 బల్బుకు సరిపడా కొలిచి పెట్టింది. హెచ్ఎస్1కూ హెచ్4కూ లాకులు వేరుగా ఉండేది ఒకదాని చోట ఇంకొకటి వేయకూడదనే. వాటిని ఆకురాయితో అరగదీసి దూర్చే చేతివాటం మన దగ్గర బాగానే ఉంది. పనైతే అయిపోతుంది, కొన్నాళ్లకు డూమ్‌లోని ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ మాడిపోతుంది.

ఎల్‌ఈడీది ఇంకో కథ. అది కరెంటు తక్కువ తాగుతుంది, తీగ వేడెక్కదు, కాబట్టి పై బాధలన్నీ తీరినట్టే ఉంటుంది. చిక్కు రిఫ్లెక్టర్‌తో. హెచ్4 బల్బులో లోబీమ్ తీగచుట్ట కింద చిన్న లోహపు దోసిలి ఉంటుంది. అది వెలుతురు రిఫ్లెక్టర్ కింది సగానికి తగలకుండా అడ్డుకుంటుంది కాబట్టే ఎదుటివాడి కళ్లలోకి పోవాల్సిన వెలుతురు ఆగి రోడ్డు మీదే పడుతుంది. రిఫ్లెక్టర్‌ను ఆ తీగచుట్ట కూర్చునే చోటుకు మిల్లీమీటర్లలో లెక్కగట్టి చేస్తారు. అక్కడ చదునైన పలక మీద అటో చిప్, ఇటో చిప్ ఉన్న ఎల్‌ఈడీని పెడితే లెక్క తప్పుతుంది. వెలుతురు నాలుగు పక్కలా చెదురుతుంది. నడిపేవాడికి ముందున్న నాలుగు గజాలు ధగధగలాడుతూ కనిపిస్తాయి, దూరం కనిపించదు. ఎదురొచ్చేవాడికి ఏదీ కనిపించదు. జర్మనీలో 2020లో ఒస్రామ్ ఎల్‌ఈడీ బల్బుకు రోడ్డు మీద అనుమతి వచ్చింది. అదీ ఏ బండిలో పరీక్షించి చూశారో ఆ మోడళ్ల జాబితాకే పరిమితం. మన దగ్గర డబ్బా మీద ‘అన్ని బైకులకూ’ అని రాసి ఉంటే చాలు.

మాదాపూర్, ఖాజాగూడ, నానక్‌రాంగూడ రాతి గుట్టల నేల. రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దానికి తోడు ఫ్లైఓవర్లు. ఎత్తు ఎక్కుతున్న బండి లైటు సరిగ్గా బిగించి ఉన్నా దిగుతున్నవాడి మొహం మీద పడుతుంది. చదును నేల మీద సరిపెట్టుకోగలిగిన లోపం ఇక్కడ ప్రమాదమవుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు దాటుతుంది. కళ్లు చెదిరి మూడు సెకన్లు దారి కనిపించలేదంటే 40 మీటర్లకు పైగా గుడ్డిగా నడిపినట్టు. గీతలు పడిన హెల్మెట్ అద్దం, దాని మీద సిమెంటు దుమ్ము ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అలా కళ్లు చెదిరినవాడు మర్నాడు వెళ్లి తనూ ఒక ఎల్‌ఈడీ బిగించుకుంటాడు. ఈ పోటీ ఇలా పెరగాల్సిందే, ఆగడానికి కారణమేదీ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన కొలతతో సహా చెబుతుంది. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడివైపున, నేల నుంచి మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు కొట్టకూడదు. అంటే ఎదురుగా వచ్చే బైకు మీద కూర్చున్నవాడి కన్ను. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కానీ రాత్రి పది గంటలకు బయోడైవర్సిటీ జంక్షన్‌లో నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో శ్వాస పరీక్ష యంత్రం ఉంటుంది, వెలుతురు కొలిచే యంత్రం ఉండదు. పాత తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ట్రాఫిక్ పోలీసులు రంగు డబ్బా, కుంచె పట్టుకుని హెడ్‌లైట్లకు నల్లబొట్టు పెట్టేవాళ్లు. మొరటు పద్ధతే, అయినా కొంత వెలుతురు ఆగేది.

సొంత బైకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. మధ్యలో దాని హెడ్‌లైటు ఎటు చూస్తోందో అధికారికంగా అడిగేవాళ్లు లేరు. పొల్యూషన్ పరీక్ష ఉంది, అందులో చూసేది పొగే. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ లైటు వెలగాలన్న నిబంధన వచ్చాక ఆన్–ఆఫ్ స్విచ్చే పోయింది. వంకర చూపున్న లైటు పగలూ రాత్రీ వంకరగానే వెలుగుతోంది.

లైటు చూపు సరిచేయడానికి యంత్రం అక్కర్లేదు. గోడకు 5 మీటర్ల దూరంలో బండిని నిలిపి, మనిషి కూర్చుని, లోబీమ్ వేస్తే దాని పై అంచు హెడ్‌లైటు మధ్య ఎత్తుకు 5 సెంటీమీటర్లు కింద పడాలి. రోజూ వెనక ఇంకొకరు ఎక్కేదుంటే వాళ్లనూ కూర్చోబెట్టి చూడాలి, బరువుకు వెనక చక్రం వైపు కుంగి లైటు పైకి లేస్తుంది. ఈ కారిడార్‌లో అలాంటి గోడలకు కరువేముంది? ఒక్కో ఐటీ పార్కు సెల్లార్‌లో వందల బైకులు, బారులు తీరిన తెల్లటి కాంక్రీటు గోడలు. పరిశ్రమ, పోలీసులు కలిసి 2006లో పెట్టుకున్న సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ రోడ్డు భద్రత మీద పనిచేస్తూనే ఉంది. సెల్లార్ గోడల మీద బళ్ల రకాన్ని బట్టి రెండు మూడు అడ్డగీతలు గీయించి, నేల మీద 5 మీటర్ల దగ్గర ఒక గుర్తు పెట్టించడం ఆ కౌన్సిల్‌కు పెద్ద ఖర్చు కాదు. షిఫ్టు దిగినవాడు బండి తీసేటప్పుడు ఒక్క క్షణం అక్కడ ఆపితే చాలు. గీత దాటి వెలుతురు పైకి పోతుంటే హెడ్‌లైటు కింద ఉండే సర్దుబాటు స్క్రూను తిప్పాలి. దానికి కావాల్సిన స్క్రూడ్రైవరు కంపెనీ ఇచ్చే టూల్ కిట్‌లోనే, చాలా బళ్లలో సీటు కింద ఉంటుంది.