స్కోప్ పిచ్చి

ఎయిర్ రైఫిల్ కొనడానికి వెళ్ళినవాళ్ళు తుపాకీ గురించి రెండు మాటలు అడిగితే స్కోప్ గురించి పది అడుగుతారు. నాలుగు రెట్లు చూపించేదా, తొమ్మిది రెట్లా, ఇరవై నాలుగా? రెట్లు పెరిగేకొద్దీ గురి పెరుగుతుందని నమ్మకం. అమ్ముకునేవాడు ఎందుకు కాదంటాడు? పిల్లవాణ్ణి రేంజ్‌లో చేర్పించబోయే తండ్రి కూడా అదే లెక్కన డబ్బు కడతాడు. దెబ్బ తప్పితే లోపం అద్దానిది, ఇంకా పెద్ద అద్దం కొంటే సరి. ఈ నమ్మకం ఎయిర్ రైఫిల్ పోటీలు జరిగే 10 మీటర్ల దగ్గర పూర్తిగా తప్పు. 1,000 గజాల దగ్గర కూడా జనం అనుకునేంత నిజం కాదు.

2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన రైఫిల్ మీద గానీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన రైఫిల్ మీద గానీ స్కోప్ లేదు. వెనక సన్నని రంధ్రం, ముందు గొట్టంలో ఒక ఉంగరం, అంతే. వాళ్ళు కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 10 మీటర్ల నుంచి మామూలు కంటికి అది కనపడనే కనపడదు. అయినా క్వాలిఫయింగ్‌లో బింద్రా 600కు 596 కొట్టాడు. అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి స్కోప్ వాడలేదు, ఒప్పుకుంటే వాడేవాళ్ళే అని కొందరి వాదన. కావచ్చు. స్కోప్ ఎందుకు లేదో నిబంధన చెబుతుంది గానీ, అది లేకుండా 596 ఎలా వచ్చిందో చెప్పదు కదా! బీజింగ్ ఫైనల్‌కు ముందు సరిచూసుకునే షాట్లలోనే తన సైట్ సెట్టింగ్ మారిపోయి ఉందని బింద్రా గమనించాడు. ఉన్న కొద్దిపాటి సమయంలో సైట్ మరను క్లిక్కు క్లిక్కుగా తిప్పి దారికి తెచ్చుకున్నాడు. చివరి షాట్ 10.8. ఒక్కో క్లిక్కు దెబ్బను ఎంత జరుపుతుందో ఒంటబట్టినవాడికే అది సాధ్యం.

కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. ఓపెన్ సైట్‌లో బ్యాక్ సైట్, ఫోర్ సైట్ టిప్, టార్గెట్ మూడింటినీ ఒక గీతలోకి తేవాలి. ఎన్.సి.సి.లో పాయింట్ టూటూ పట్టినవాళ్ళకు ఆ తంటా తెలుసు. బింద్రా రైఫిల్ మీదున్నలాంటి రంధ్రపు సైట్, అంటే పీప్ సైట్, ఆ మూడింటిలో ఒకదాన్ని తగ్గిస్తుంది. వెనక రంధ్రాన్ని చూడక్కర్లేదు, అందులోంచి చూస్తే చాలు, కన్ను తనంతట తనే మధ్యకు వచ్చేస్తుంది. రంధ్రం చిన్నది కాబట్టి ముందున్న ఉంగరం, దూరాన ఉన్న నల్ల వృత్తం రెండూ దాదాపు స్పష్టంగా కనిపిస్తాయి. నల్ల వృత్తానికీ ఉంగరానికీ మధ్య తెల్లటి అంచు ఒకటి మిగులుతుంది. అది ఒక పక్క వెంట్రుకవాసి సన్నబడినా కన్ను పట్టేస్తుంది. పదిని చూడనవసరమే లేదు. చూపు నిలవాల్సింది ఉంగరం మీద. అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనపడలేదని పిల్లలకు చెప్పే పెద్దలు రైఫిల్ దగ్గర మాత్రం ఆ కథ ఆపాలి. ఇక్కడ పిట్టను చూస్తే గురి పోతుంది.

ఇప్పుడు ఇదే 10 మీటర్లకు స్కోప్ పెట్టి చూడండి. పెద్ద రైఫిళ్ళ కోసం చేసిన స్కోప్‌లలో చాలావాటికి పారలాక్స్‌ను 100 గజాల దగ్గరో ఆపైనో ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. అంటే ఆ దూరంలో తప్ప మరెక్కడైనా, కన్ను కాస్త పక్కకు జరిగితే క్రాస్‌హెయిర్ కూడా టార్గెట్ మీద జరుగుతుంది. ముందు అద్దం 40 మిల్లీమీటర్లు, పారలాక్స్ 100 మీటర్లకు బిగించినది అనుకుందాం. 10 మీటర్ల టార్గెట్ మీద కన్ను పూర్తిగా అంచుకు పోతే తేడా 18 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. చేయి వణకలేదు, ట్రిగ్గర్ కుదురుగానే లాగారు, క్రాస్‌హెయిర్ నడిమధ్యనే ఉంది. కార్డు మీద మాత్రం మూడు పాయింట్లే! పైగా క్లిక్కు విలువ పావు అంగుళమని స్కోప్ మీద రాసింది 100 గజాల లెక్క. 10 మీటర్ల దగ్గర అది అర మిల్లీమీటరు దాటి కొంచెం, అంతే. నాలుగు క్లిక్కులు తిప్పి, దెబ్బ జరగలేదని స్కోప్‌ను తిట్టేవాళ్ళు ఈ లెక్క వేసుకోనివాళ్ళే.

అద్దం పెంచేది టార్గెట్‌ను మాత్రమే కాదు, వణుకును కూడా. నిలబడి కాల్చేటప్పుడు ఏమాత్రం కదలకుండా ఉండే మనిషి లేడు. ఉంగరంలో మెల్లగా ఊగే ఆ కదలిక ఇరవై నాలుగు రెట్ల అద్దంలో భూకంపంలా కనిపిస్తుంది. క్రాస్‌హెయిర్ మధ్యకు వచ్చిన క్షణాన్ని ఒడిసిపట్టాలని కుర్రవాడు ట్రిగ్గర్‌ను గుంజుతాడు. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడానికి కోచ్ తల ప్రాణం తోకకు వస్తుంది. అలాగని పీప్ సైట్‌లో ఈ జబ్బు లేదనను. ఉంగరం ఎంత బిగుతుగా ఉంటే అంత కచ్చితం అనుకునేవాళ్ళు తెల్లటి అంచు కనపడనంత చిన్నది బిగించుకుని అదే గుంజుడు నేర్చుకుంటారు. దూరాన్ని బట్టి ఉంగరం మారాలి. 10 మీటర్ల కార్డులో నల్ల వృత్తం 30.5 మిల్లీమీటర్లు, 50 మీటర్లకు 112.4, 300 మీటర్లకు 600. కంటికి మీటరు ముందున్న ఉంగరం దగ్గరకు వచ్చేసరికి ఇవి వరుసగా 3, రెండుంపావు, 2 మిల్లీమీటర్లుగా కనిపిస్తాయి. ఎక్కువ దూరమంటే నల్ల వృత్తం చీమ తలంత అయిపోతుందనుకోవడం భయమే తప్ప వాస్తవం కాదు. టార్గెట్ చేసినవాళ్ళు ఆ సంగతి ముందే చూసుకున్నారు.

దూరం పెరిగితేనైనా స్కోప్ తప్పదా? 1876లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో మొదలైన పాల్మా రైఫిల్ పోటీని నేటికీ 800, 900, 1,000 గజాల దగ్గర పీప్ సైట్లతోనే ఆడుతున్నారు. ఇంగ్లండ్‌లోని బిస్లీలో రాజుగారి బహుమతికి ఆఖరి గుండ్లు పేల్చేది 1,000 గజాల నుంచే, అదీ పీప్ సైట్‌తోనే. అంత దూరంలో గెలుపోటములను తేల్చేది గాలి. ఎండలో నేల మీంచి లేచే సెగ సరేసరి. మన వేసవి మధ్యాహ్నం ఎక్కువ రెట్ల స్కోప్‌లోంచి చూస్తే టార్గెట్ నీళ్ళలో తేలుతున్నట్టు అలలాడుతుంది. అనుభవజ్ఞులు అప్పుడు రెట్లు తగ్గిస్తారు.

స్కోప్‌కు చోటు లేదని కాదు. ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో దూరం ఎవరూ చెప్పరు. అక్కడ స్కోప్ గురికి ఎంత అవసరమో, పారలాక్స్ చక్రం తిప్పి దూరాన్ని అంచనా కట్టడానికీ అంతే అవసరం. తుపాకీని ఆనించి పడుకుని కాల్చే ఎఫ్ క్లాస్‌లో వణుకు దాదాపు ఉండదు, కాబట్టి రెట్లు పనికొస్తాయి. వయసు మీదపడి ముందు ఉంగరం అలికినట్టు కనిపించేవాళ్ళకూ నిబంధనలు అడ్డురాని చోట స్కోప్ మేలే. అలాంటి అవసరం మీదైతే రెట్ల గురించి తర్వాత అడుగుదురుగాని, పారలాక్స్ 10 మీటర్ల దాకా దిగుతుందా లేదా అని ముందు అడగండి. దుకాణంలో చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు.