కోళిక్కోడు మనకు వేసిన ప్రశ్న

ప్రతి సంవత్సరమూ మన కళాశాలలో విహారయాత్ర ప్రసక్తి వస్తుంది. ఎక్కడికి వెళ్ళాలి, తలకెంత వసూలు చేయాలి, అధ్యాపకులలో ఎవరు వెంట రావాలి అని పది రోజులు చర్చ జరుగుతుంది. తిరిగి వచ్చిన తరువాత మిగిలేవి కొన్ని ఛాయాచిత్రాలు, ఇంటికి తెచ్చిన మిఠాయి పొట్లాలు, రెండు వారాలపాటు సాగే కబుర్లు. యాత్ర అంటే ఇంతేనా? పోయిన ఏడాది విద్యార్థులతో కలిసి కోళిక్కోడు వెళ్ళి వచ్చిన నాటి నుండి ఈ సందేహం మమ్ము వదలలేదు. అందుకు కారణం ఆ నగరపు అందం కాదు. అక్కడ ఒక కుర్రవాడు అడిగిన చిన్న ప్రశ్న.

ముందుగా అందం మాటే చెప్పుకుందాం. షొర్నూరు దాటిన తరువాత రైలు పడమటి తీరాన ఉత్తరదిశగా సాగుతుంది. బండరాళ్ళూ తుమ్మచెట్లూ చూసి పెరిగిన మన దక్కను పిల్లల కళ్ళకు ఆ పచ్చదనం ఒక వింత. కొబ్బరితోటల నడుమ పెంకుటిళ్ళు, పెరడు పెరడునా పనసచెట్టు, ఫెరోక్ వద్ద నిండుగా పారే చాలియార్ నది చూస్తూ వారు కిటికీలు వదలలేదు. సాయంకాలం సముద్రతీరానికి చేరాము. మన తూర్పుతీరంలో కడలి నుండి పుట్టే సూర్యుడు ఇక్కడ కడలిలోకి దిగుతాడు. ఒకనాడు ఓడల సరుకు దించిన వంతెనల తుప్పుపట్టిన స్తంభాలు అలల మధ్య ఇంకా నిలిచి ఉన్నాయి.

ఈ రేవు ఒకనాడు లోకానికి మిరియాల అంగడి. 1498 మే నెలలో వాస్కో డ గామా దిగినట్లు చెప్పే కాప్పాడు తీరం నగరానికి సుమారు పదహారు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి శిలాఫలకం ముందు మనవారందరూ ఫోటోలు దిగారు. కాని అతడు ఈ నగరాన్ని కనుగొన్నాడనడం సరికాదు. అంతకు నూటయాభై ఏళ్ళకు పూర్వమే ఇబ్న్ బతూతా ఇక్కడ చైనా ఓడలను చూసి వర్ణించాడు. అరబ్బు వర్తకులు అంతకు ఎంతో ముందునుండే వస్తూ పోతూ ఉన్నారు. సామూద్రి రాజులు వారికి చోటిచ్చారు, మర్యాద ఇచ్చారు, వారి ఆరాధనకు స్వేచ్ఛనిచ్చారు.

ఇక భోజనం సంగతి. మన విద్యార్థులు బిర్యానీ విషయంలో ఎవరికీ తలవంచరు. అక్కడి బిర్యానీలో పొడవాటి బాస్మతికి బదులు కైమ అనే పొట్టి, సువాసనగల బియ్యం ఉంటుంది. మొదటి పూట ముఖాలు చిట్లించినవారే రెండవ పూట మారువడ్డన అడిగారు. బియ్యప్పిండితో చేసే పత్తిరి, కొబ్బరినూనెతో వండే రంగురంగుల హల్వా, ఆలుచిప్పల వేపుడు అన్నీ రుచి చూశాము. భోజనానంతరం పాలు లేని తేనీరు తెచ్చి ‘సులైమానీ’ అన్నప్పుడు మనవారు ఆనందంతో కేకలు వేశారు. అది హైదరాబాదులోనూ అదే పేరుతో దొరికే పానీయం కదా! అయితే గమనించదగినది ఒకటుంది. ఆ వంటలో అరబ్బుల మాంసమూ ఉంది, మలబారు కొబ్బరీ ఉంది. ఏది ఎక్కడిదో విడదీయబోతే వంట చెడుతుంది.

మరునాడు కుట్టిచ్చిర వెళ్ళాము. ‘చిర’ అంటే వారి భాషలో చెరువు. పెద్ద కోనేరు, దాని ఒడ్డున మిష్కాల్ మసీదు. పధ్నాలుగవ శతాబ్దంలో మిష్కాల్ అనే అరబ్బు నావికవర్తకుడు కట్టించినది. గుమ్మటాలు లేవు, మీనారులు లేవు. అంతస్తుపై అంతస్తుగా కలప, వాలుగా దిగిన పెంకుల కప్పు. దూరం నుండి చూస్తే ఆ దేశపు దేవాలయ నిర్మాణమే స్ఫురిస్తుంది. 1510లో పోర్చుగీసువారు దీనికి నిప్పు పెట్టారు. అప్పుడు సామూద్రి సైనికులు వారిని ఎదిరించి పోరాడారు. 1571లో సామూద్రి పోర్చుగీసువారి చాలియం కోటను కూల్చాడు. ఆ కోట కలపనే ఈ మసీదు బాగుచేతకు వాడారని స్థానికులు చెబుతారు.

ఆ కోనేటి మెట్ల మీద కూర్చుని ఉండగా మన వయస్సు పిల్లలు కొందరు వచ్చి పలుకరించారు. సగం ఇంగ్లీషు, సగం హిందీలో సంభాషణ నడిచింది. మీ పేర్లేమిటి, ఏమి చదువుతున్నారు అన్న మాటలైన తరువాత వారిలో ఒక కుర్రవాడు తమ బషీర్ గురించి గర్వంగా చెప్పి, “మీ తెలుగులో పేరుపొందిన ముస్లిం రచయితలు ఎవరు?” అని అడిగాడు.

మనవారు పన్నెండుమంది ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకడు మెల్లగా, “తెలుగు మాది కాదు, మాది ఉర్దూ” అన్నాడు. “అయితే ఉర్దూలో ఏమి చదివావు?” అని ఆ కుర్రవాడు అమాయకంగా అడిగాడు. దానికీ జవాబు లేదు. మావాడు మా వైపు చూశాడు. మేము కోనేటి నీళ్ళవైపు చూశాము. ఎందుకంటే ఆ తరగతికి రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నది మేమే. ప్రశ్నపత్రంలో రాదన్న కారణంతో ఉమర్ ఆలీషా పేరైనా వారి చెవిన వేయలేదు. తప్పు పిల్లలదని ఎలా అనగలము?

ఆ మధ్యాహ్నం బేపూరు వెళ్ళాము. అక్కడి వడ్రంగులు కాగితంపై పటమేదీ లేకుండా, తరతరాల నేర్పుతో ‘ఉరు’ అనే పెద్ద కొయ్య ఓడలను కట్టే ప్రసిద్ధి పొందినవారు. వైక్కం ముహమ్మద్ బషీర్ 1994లో కన్నుమూసేవరకు నివసించినది ఆ ఊరిలోనే. అతనికి ‘బేపూర్ సుల్తాన్’ అని ముద్దుపేరు. 1951లో వెలువడిన అతని చిన్న నవల పేరుకు ‘మా తాతకొక ఏనుగుండేది’ అని అర్థం. చితికిపోయిన కుటుంబంలో ఒక తల్లి, తన తండ్రికి ఉండిన ఏనుగును తలచుకొని గొప్పలు చెప్పుకొంటూ కాలం గడుపుతుంది. ఆమె కూతురికి అక్షరం రాదు. పొరుగింటి అమ్మాయి ఆమెకు చదువు నేర్పుతుంది. చివరకు వీధి పిల్లలు ఆ ఏనుగు ఏనుగే కాదు, ఇసుకలో గుంట తవ్వుకొనే చిన్న పురుగని ఎగతాళి చేస్తారు.

విద్యార్థి మిత్రులారా! మనకూ ఒక తాతగారి ఏనుగు ఉంది. గోలకొండ అంటాము, కుతుబ్‌షాహీలు అంటాము, చార్మినారు అంటాము. కాని ఆ ఏనుగు ఏ భాష విన్నదో మరచిపోయాము. 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని తమవానిగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అతనికే అంకితమిచ్చాడు. అచ్చతెనుగులో తొలి కావ్యమని పేరుపొందిన పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్రము’ అమీన్‌ఖానుకు అంకితమైంది. పిఠాపురం ఉమర్ ఆలీషా ఉమర్ ఖయ్యాముకు తెలుగు పలుకు నేర్పాడు. దాశరథి గాలిబును తెలుగువారి ఇంటికి తెచ్చాడు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోను, ‘జల్‌జలా’ కవితా సంకలనం 1998లోను వచ్చాయి. ఆ కుర్రవానికి చెప్పవలసిన జవాబు ఇదంతా. పుస్తకాల నిండా జవాబు ఉండి కూడా మెట్ల మీద మనము మూగవారమైనాము.

కోళిక్కోడు ముస్లిములకు ఇంటి భాష మలయాళమే, వారికి ఇబ్బంది లేదు, మన స్థితి వేరు, మనకు ఉర్దూ ఉంది అని కొందరు పెద్దలు అనవచ్చు. నిజమే, పోలిక పూర్తిగా సరిపోదు. కాని వారికీ ఈ దారి సులువుగా దొరకలేదు. కోళిక్కోడు ఖాజీ ముహమ్మద్ 1607లో ‘ముహియుద్దీన్ మాల’ను మలయాళంలోనే పాడి, అరబ్బీ లిపిలో వ్రాశాడు. తమ జనానికి అందే లిపిలో తమ జనం మాట్లాడే మాటను నిలిపాడు. మనము చేస్తున్నదేమి? ఉర్దూనూ తెలుగునూ రెండింటినీ ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసి, రెండు లిపులనూ పోగొట్టుకొంటున్నాము. ఉర్దూను కాపాడుకొనేందుకు తెలుగును దూరం పెట్టామని చెప్పుకొంటే కొంతలో కొంత అర్థముండేది. కాని తెలుగును దూరం పెట్టినవారిలో ఉర్దూ చదివేవారిని మేము ఎక్కువగా చూడలేదు. రెండు కళ్ళున్నవాడు ఒకటి మూసుకొంటే రెండవదానికి చూపు పెరగదు.

2023లో కోళిక్కోడును యునెస్కో సాహిత్య నగరంగా గుర్తించింది. భారతదేశంలో ఆ గౌరవం పొందిన మొదటి నగరమది. మిఠాయి వీధి మొగలో రచయిత పొట్టెక్కాట్ విగ్రహం ఉంది. హల్వా కొనబోయే ప్రతివాడూ ఆ రచయిత ముందునుండే పోవాలి. సంస్కృతి అంటే అదే. పండుగనాడు బయటికి తీసే పట్టుబట్ట కాదు, రోజూ నడిచే వీధి.

కళాశాల పాలకవర్గమువారికి మా మనవి మూడు మాటలు. విహారయాత్రను రద్దు చేయవద్దు, దానిని పాఠంగా మార్చండి. వెళ్ళబోయే ఊరి చరిత్రపై, సాహిత్యంపై ముందుగా రెండు వారాలు తరగతులు జరపనివ్వండి. తిరిగి వచ్చిన ప్రతి విద్యార్థీ తాను చూసినదానిని తెలుగులో రెండు పుటలు, ఉర్దూ వచ్చినవారు ఉర్దూలో రెండు పుటలు వ్రాయాలనే నియమం పెట్టండి. వాటిలో మంచివి ఈ సంచికలోనే అచ్చు వేయండి. మరొక మాట, వచ్చే యాత్రను మచిలీపట్నానికి ఏర్పాటు చేయండి. అది ఒకనాడు గోలకొండకు సముద్రద్వారం. ఈనాటికీ కలంకారీ అద్దకానికీ, బందరు లడ్డూకూ పేరుగన్న ఊరు. పరాయి తీరంలో తలదించుకొన్నవారము మన తీరం నుండే మళ్ళీ మొదలుపెట్టడం న్యాయం.

మా వంతు కర్తవ్యాన్ని మేము ఇప్పటికే ఆరంభించాము. ఈ సంవత్సరం మొదటి తెలుగు తరగతిలో పాఠ్యపుస్తకం తెరవక ముందు ఉమర్ ఆలీషా పేరు నల్లబల్ల మీద వ్రాశాము. ఆనాడు మెట్ల మీద “తెలుగు మాది కాదు” అన్న విద్యార్థి మొదటి బల్లలో కూర్చున్నాడు. ఆ పేరును తన పుస్తకంలో తెలుగులో వ్రాసుకొన్నాడు. దాని క్రిందనే ఉర్దూలోనూ వ్రాసుకొన్నాడు. ఎవరూ వ్రాయమని చెప్పలేదు.