కారు అద్దానికి చెవులెందుకు?

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దానికో కథ ఉంటుంది. మిక్సీకి ఒకటి, ఇన్వర్టర్‌కి ఒకటి. కానీ అగ్గిపెట్టెకి కాస్త పెద్దగా ఉండే ఒక కెమెరా కొని ఇంత రాద్ధాంతం తెచ్చుకుంటామని మాత్రం అనుకోలేదు. డాష్ క్యామ్ అంటారుగా, కారు ముందు అద్దానికి లోపలి నుంచి అంటించి ఉంటుంది చూడండి, అదే.

కొనాలన్న పట్టు నాదే. అది ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఈ మార్చిలో ఒక సాయంత్రం కూరగాయలు తీసుకుని నిజాంపేట రోడ్డులో వస్తున్నాను. యూ టర్న్ దగ్గర ఇండికేటర్ వేసి, ఆగి, చూసుకుని, మెల్లగా తిప్పుతున్నా. రాంగ్ రూట్‌లో వస్తున్న బండి ఒకటి కుడివైపు బంపర్‌ని గీసుకుంటూ వెళ్ళి పడింది. ఆ కుర్రాడి మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే, దేవుడి దయ. నేను దిగి నీళ్ళ సీసా ఇచ్చి, ఆస్పత్రికి వెళ్దాం పద నాయనా అంటుండగానే జనం పోగయ్యారు. పుచ్చకాయల బండాయన, ఫోన్లో తలపెట్టుకుని నడిచొస్తున్నాయన, అప్పుడే ఆటో దిగినాయన, అందరూ ప్రత్యక్ష సాక్షులే! "మేడమ్ చూసుకోకుండా తిప్పేశారు" అని ఒకరంటే, "లేడీస్ చేతికి స్టీరింగ్ ఇస్తే ఇంతేనండీ" అని ఇంకొకరు. ఆ బండి ఏ దిక్కు నుంచి వచ్చిందో ఒక్కరూ మాట్లాడరు. చివరికి నాలుగు వేలు ఇచ్చుకుని బయటపడ్డాను.

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఇంటికొచ్చి చెప్తే మా వారి నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "నువ్వు చూసుకోలేదా?" అని. పదకొండేళ్ళుగా నడుపుతున్నాను. పిల్లల స్కూళ్ళు, అత్తయ్య ఫిజియోథెరపీ, తెనాలి ప్రయాణాలు, అన్నీ నేనే. ఆయన మాత్రం మా సెల్లార్ గేటుకే రెండుసార్లు గుద్దారు (ఇది ఆయన చదువుతారు, చదవనీండి). "నీకేం కాలేదు కదా" అనే మాట కంటే ముందు ఆ ప్రశ్న వచ్చింది చూడండి, అది రోడ్డు మీదివాళ్ళ మాటల కంటే ఎక్కువ గుచ్చుకుంది. నా మాటకి సాక్షి కావాలంటే ఆ సాక్షిని అద్దానికే అంటించుకు తిరుగుతానని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడికి పని అప్పజెప్తే వారం రోజులు లాప్‌టాప్ ముందు కూర్చుని ఫోర్ కే, సోనీ సెన్సర్, జీపీఎస్ అంటూ ఏకరువు పెట్టాడు. నేను అడిగింది ఒకటే. రాత్రిపూట ఎదురు లైట్ల వెలుగులో ముందు బండి నంబరు కనపడుతుందా, లేదా? ఎక్కువ పిక్సెళ్ళు ఉన్నవన్నీ రాత్రి బాగా తీస్తాయని లేదుట. పగటి వీడియోలు అందరివీ పెళ్ళి వీడియోల్లా మెరిసిపోతాయి, రాత్రి వీడియోలు చూసి కొనాలి. అలాగే 170 డిగ్రీల కోణం అని గొప్పగా రాస్తారు. వెడల్పు పెరిగినకొద్దీ దూరంగా ఉన్న నంబరు ప్లేటు చీమంత అవుతుంది. 140 డిగ్రీలది, 1440 పిక్సెళ్ళది తీసుకున్నాం. వెనక అద్దానికి ఇంకో చిన్న కెమెరా. రెండూ కలిపి ఎనిమిది వేల లోపు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మన ఎండ. మే నెలలో బయట నిలబెట్టిన కారులో స్టీరింగ్ పట్టుకుంటేనే చేతులు కాలతాయి. అలాంటిది అద్దానికి అతుక్కుని ఉండే వస్తువులో లిథియం బ్యాటరీ ఉంటే అది ఉబ్బిపోతుంది. ఆవకాయ ముక్కల్ని ఎండబెట్టొచ్చు గానీ బ్యాటరీని ఎండబెట్టకూడదు కదా! బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉండే రకాలున్నాయి, అవి వేడికి బాగా తట్టుకుంటాయి. అడిగి మరీ అదే తీసుకోండి.

రెండోది మెమరీ కార్డు. కార్డు నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది ఈ కెమెరా. పలక మీద రాసి చెరుపుతూనే ఉంటే పలక అరిగిపోయినట్టు, మామూలు కార్డు కొన్నాళ్ళకే చతికిలబడుతుంది. పైన "హై ఎండ్యూరెన్స్" అని రాసి ఉన్నది కొనాలి. గుద్దుకున్నప్పుడు ఆ కుదుపుని గుర్తుపట్టి, ఆ ముక్క చెరిగిపోకుండా తాళం వేసేది కూడా ఒకటుంటుంది, జీ సెన్సర్. దాన్ని మరీ సున్నితంగా పెట్టారంటే స్పీడ్ బ్రేకర్లన్నీ ప్రమాదాల కిందే లెక్క. మాకు మొదటి వారంలో మా కాలనీ గతుకుల మీద నలభై "ప్రమాదాలు" జరిగాయి.

బిగించే షాపు కుర్రాడు రాగానే కత్తెర తీశాడు. వైరు కోసి కలిపేస్తానన్నాడు. వద్దు నాయనా అన్నాను. కారు వైర్లు కోస్తే రేపు వారంటీ అడగడానికి మొహం ఉండదు. కారు ఆపి ఉన్నప్పుడు కూడా కెమెరా కాపలా కాయాలనుకునేవాళ్ళు ఫ్యూజ్ బాక్సు నుంచి ట్యాప్ పెట్టించుకోవాలి, బ్యాటరీ బలం తగ్గితే దానంతటదే ఆగిపోయే కిట్‌తో సహా. లేకపోతే నాలుగు రోజులు ఊరెళ్ళొచ్చేసరికి కారు స్టార్ట్ కాదు. మా సెల్లార్‌లో వాచ్‌మన్ ఉంటాడు కాబట్టి మామూలు 12 వోల్టుల సాకెట్‌తోనే సరిపెట్టాం. వైరుని పైకప్పు అంచు లోపల దోపుతూ అద్దం పక్క స్తంభంలోంచి కిందికి దించుతారు. ఆ స్తంభంలో కర్టెన్ ఎయిర్ బ్యాగ్ ఉన్న కార్లలో వైరు దాని వెనక నుంచే పోవాలి, ముందు నుంచి పోతే బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది. ఆ కుర్రాడికి ఈ సంగతి తెలుసు, అందుకే కత్తెర తప్పు క్షమించేశాను. కెమెరా లోపలి అద్దం వెనక, నడిపేవాళ్ళ చూపుకి అడ్డం రాకుండా, వైపర్ తుడిచే మేరలో ఉండాలి. వాన పడితే వైపర్ అందని చోట అంతా మసకే మరి.

తేదీ, టైము సరిచూసుకోండి. మా దాంట్లో వారం రోజుల పాటు 2019 జనవరి నడిచింది. ఇది చిన్న విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ఇలాంటి రికార్డుల గురించే. కోర్టు దాకా వెళితే వీడియోకి సర్టిఫికెట్ కూడా జత చెయ్యాలి. అందుకని ఏదైనా జరిగితే ముక్కలు కోసి వాట్సాప్‌లో తిప్పడం కాదు, ముందు కార్డు బయటికి తీసి భద్రంగా దాచాలి. లేకపోతే రెండు రోజుల్లో దాని మీద ఇంకేదో రాసేసుకుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పెట్టెలోంచి తీసేసరికే మా కెమెరా మైకు ఆన్‌లో ఉంది.

జూన్‌లో మా చెల్లెలూ నేనూ తెనాలి వెళ్ళాం, అమ్మ దగ్గరికి. ఎల్బీ నగర్‌లో తనని ఎక్కించుకున్నాను. ఐదారు గంటల ప్రయాణం, ఇద్దరమే. చౌటుప్పల్ దాటాక తను ఒక విషయం చెప్పడం మొదలుపెట్టింది. సూర్యాపేట వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఈ సంగతి రాయడానికే తన అనుమతి తీసుకున్నాను, అది మాత్రం అడగలేదు.

వారం తర్వాత వెనక బంపర్ మీద గీత చూసి, ఎక్కడ పడిందో వెతుకుదామని మా వారు రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చుని ఫోన్లో యాప్ తెరిచారు. అత్తయ్య పక్కనే ఉన్నారు, పిల్లలు ఉన్నారు. ఉన్నట్టుండి ఫోన్లోంచి మా చెల్లెలి ఏడుపు. బొమ్మలో హైవే, లారీ, చెట్లు. మాట మాత్రం తనది, స్పష్టంగా. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేలోపే అత్తయ్య అన్నారు, "ఆపరా. ఆ పిల్ల అది మనకి చెప్పలేదు."

అత్తాకోడళ్ళ గురించి లోకం ఏమైనా అనుకోనీండి, ఆ ఒక్క మాటకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మా వారు కావాలని చెయ్యలేదు. మొహం పాలిపోయింది పాపం. కానీ మర్నాడు మైకు తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. "రోడ్డు మీద గొడవైతే ఎవడేమన్నాడో కూడా రికార్డవ్వాలిగా" అన్నారు. అది నిజమే, కాదనను. మార్చిలో నన్నన్న మాటలు రికార్డయి ఉంటే ఎంత బాగుండేది అని నాకూ ఉంది. కానీ దానికి పక్కనే బటన్ ఉంది, గొడవ మొదలైతే నొక్కుకోవచ్చు. ఏడాదిలో ఒక్కసారి వచ్చే గొడవ కోసం ఏడాది పొడుగునా మనం మాట్లాడేదంతా మూటగట్టుకుంటామా?

"దాచుకోవాల్సింది ఏముంటుంది?" అన్నారు ఆ తర్వాత. ఈ ప్రశ్న మీలో చాలామంది వినే ఉంటారు. నా జవాబు ఇది. మా ఇంట్లో మూడు పడకగదులు. ఒకటి అత్తయ్యది, ఒకటి పిల్లలు పంచుకున్నది, మూడోది మా ఇద్దరిది, అందులోనే ఆయన ఆఫీసు కాల్స్. వంటిల్లు నాదే గానీ దానికి తలుపు లేదు. తలుపులు వేసుకుని ఒక్కదాన్నే కూర్చోగల చోటు నాకు ఆ కారే. నాకు తెలిసి కారు సెల్లార్‌లో ఆపి, అమ్మతో పది నిమిషాలు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని పైకెళ్ళే ఆడవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు. నేరం చేసి దాచేది వేరు, మనసులోది మనకి నచ్చినవాళ్ళకే చెప్పుకునేది వేరు. గోడలకి చెవులుంటాయని పెద్దవాళ్ళు అన్నది జాగ్రత్త కోసం. మనమే ఎనిమిది వేలు పోసి చెవులు కొనుక్కొచ్చి పెట్టుకోమని కాదు.

ఇంకో సంగతి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక విడాకుల కేసులో, భార్యకి తెలియకుండా భర్త రికార్డు చేసిన ఫోన్ సంభాషణలని సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. అంతకుముందు పంజాబ్, హర్యానా హైకోర్టు కుదరదన్న విషయమే అది. భార్యాభర్తల్లో ఎవరికైనా అది పనికొస్తుంది, హింస పడే ఆడపిల్లకి మేలు కూడా కావచ్చు, కాబట్టి తీర్పు మీద నాకు పేచీ లేదు. నాకు తట్టిందల్లా కారులో మైకు ఆన్‌లో ఉందన్న సంగతి ఎక్కేవాళ్ళకి ముందే తెలియాలని. మా ఇంట్లో అది ఎవరికీ తెలియదు, కొన్న నాతో సహా.

లోపలికి తిరిగి ఉండే కెమెరాల సంగతికొస్తే నేను ఇంకా మొండి. మా పై అంతస్తులో ఒకావిడ, కూతురు కాలేజీకి కారు తీసుకెళ్తోందని లోపలి కెమెరా పెట్టించారు. ఎక్కడుందో, పక్కన ఎవరున్నారో తల్లి ఫోన్లో కనపడుతుంది. భయం నాకు అర్థమవుతుంది, నాకూ కూతురుంది, తనకీ ఈ ఏడే లైసెన్సు వచ్చింది. కానీ ఆవిడ కొడుకు ఇంకో కారులో తిరుగుతాడు, దానికి బయటి కెమెరా కూడా లేదు. క్షేమం కోసమే అయితే ఇద్దరికీ ఉండాలి కదా? అద్దె కారుకైతే లోపలి కెమెరా ఉండొచ్చు, ఎక్కే మనిషికి కనపడేలా బోర్డు పెట్టి. ఇంటి కారుకి వద్దు.

అంతమాత్రాన డాష్ క్యామ్ దండగ అనను. ఆగస్టులో వాన రోజున ఒక ఆటో వెనక్కి వచ్చి మా బంపర్‌ని గుద్దింది. అతను నామీదకే లేచాడు. దిగకుండానే ఫోన్లో వీడియో చూపించాను. రెండు నిమిషాల్లో "పోనీలెండి మేడమ్" అని వెళ్ళిపోయాడు. పోనీయాల్సింది నేను, అది వేరే విషయం! జేఎన్‌టీయూ దగ్గర నేను ఇండికేటర్ వేయకుండా లేన్ మారిన వీడియో కూడా అందులో ఉంది. అది చూసినప్పట్నుంచి వేస్తున్నాను.

ఆ ఆటో సంగతి చెప్పినప్పుడు మా వారు, "వీడియో ఉందా?" అన్నారు. ఉందన్నాను. "మంచిదైంది" అన్నారు. నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. వీడియో లేకపోతే ఏమనేవారు అని అడగబోయి మానేశాను. అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు మా ఇంట్లో మైకు ఆఫ్. యాప్ ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. ఎవరు నడిపిన రోజు వీడియో వాళ్ళు పక్కన ఉన్నప్పుడే చూడాలి. ఈ షరతు పెట్టింది అత్తయ్య.

మొన్న కార్తీక మాసంలో మళ్ళీ తెనాలి వెళ్ళాం. ఎల్బీ నగర్‌లో కారెక్కుతూనే మా చెల్లెలు అద్దం వైపు చూసి, "ఇది వింటోందా అక్కా?" అంది. చూపుడు వేలితో మైకు గుర్తు మీదున్న ఎర్రగీత చూపించాను. తను తల ఊపి సీటు బెల్టు పెట్టుకుంది. పంతంగి టోల్ దాటేదాకా పిల్లల చదువులు, చీరలు, అమ్మ మోకాళ్ళ నొప్పులు. ఆ తర్వాత ఇంకోసారి అద్దం వైపు చూసి, అప్పుడు మొదలుపెట్టింది.