యంత్రము పలికిన దోషమును చదువుడు

మన ఉన్నత పాఠశాలలో కంప్యూటరు గది ఏర్పడిన పిదప విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే ఆ గదిలో తరచుగా వినవచ్చు మాట యొకటి మమ్ము ఆలోచింపజేయుచున్నది. ప్రోగ్రాము వ్రాయు ఎడిటరు అడుగుభాగమున ఎఱ్ఱని పట్టీమీద ఒక వాక్యము కనబడగానే, “అయ్యా, మిషను చెడిపోయినది” అని బాలబాలికలు చేతులు వెనుకకు తీసికొందురు. మిషను చెడిపోలేదు. అది ఒక మాట చెప్పినది. ఆ మాటను ఎవరును చదువలేదు. చదువక విడిచిన ఆ వాక్యమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దోషవాక్యము కనబడినప్పుడు పిన్నలు కనబడిన మీటలన్నియు నొక్కుదురు, లేదా మిషను ఆపివేయుదురు. పెద్దలు ఎడిటరును తీసివేసి మరల ఎక్కింతురు. ఈ రెండింటివలన కాలము మాత్రమే వ్యర్థమగును. ఇంతకంటె హాని చేయునది మూడవది: “తెలుగు మాధ్యమపు పిల్లలు గదా, ఆ ఇంగ్లీషు వాక్యము వారికేమి తెలియును?” అను జాలిమాట. ఇది తప్పును ఫైలునుండి తీసి పిల్లవాని మాతృభాషమీద మోపుచున్నది. దీనిని మేము అంగీకరింపజాలము.

ముందుగా ఈ యంత్రపు స్వభావము తెలిసికొందము. మా గదిలోని కంప్యూటర్లు లినక్స్ పద్ధతిపై నడచుచున్నవి. 1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు రూపొందింప మొదలిడిన యునిక్స్‌ను పోలునట్లు, లైనస్ టోర్వాల్డ్స్ 1991 లో లినక్స్‌ను ప్రారంభించెను. మా పిల్లలు వాడు విమ్ అను ఎడిటరును బ్రామ్ మూలెనార్ అదే 1991 లో లోకమునకు ఇచ్చి, 2023 లో మరణించు పర్యంతము పోషించెను. యునిక్స్ వంశమునకు ఒక అలవాటు కలదు. చెప్పిన పని చక్కగా జరిగినచో అది సామాన్యముగా ఏమియు పలుకదు. పని ఆగినప్పుడే నోరు విప్పును. మితభాషి మాట్లాడినప్పుడు చెవియొగ్గి వినుట లోకమర్యాద.

పొరుగు రాష్ట్రమున మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిననాడు, కఠినమైన పద్యము ఎదురైనప్పుడు భయపడక ముందు క్రియాపదమును వెదకి, కర్తను గుర్తించి, తక్కిన పదములను వానితో అన్వయింపవలెనని మాకు నేర్పిరి. ఆ విద్యయే ఇచ్చటను పనికివచ్చును. విమ్ చెప్పు దోషములకు తొలుత ‘ఇ’ అను అక్షరమును, ఒక సంఖ్యయు ఉండును. “ఇ212: కాంట్ ఓపెన్ ఫైల్ ఫర్ రైటింగ్” అను వాక్యమును చూడుడు. ఆగిన పని యేది? తెరచుట. దేనిని? ఫైలును. ఎందుకొరకు? వ్రాయుటకు. అనగా చదువుటకు కాదు, భద్రపరచుటకు వీలుకాలేదని భావము. కోలన్ గుర్తు పెట్టి ‘హెల్ప్ ఇ212’ అని టైపుచేసినచో ఆ సంఖ్యకు సంబంధించిన వివరణ ఎడిటరులోనే తెరచుకొనును.

ఇక కారణమును వెదకవలెను. ఫైలు ఉండవలసిన డైరెక్టరీయే లేకపోవచ్చును. లేదా అచ్చట వ్రాయుటకు మనకు అధికారము లేకపోవచ్చును. ‘ఎల్ఎస్ -ఎల్’ అను ఆజ్ఞ ఇచ్చినచో ప్రతి ఫైలు ముందును ఆర్, డబ్ల్యూ, ఎక్స్ అను గుర్తులు మూడేసి చొప్పున మూడు జట్లుగా కనబడును. చదువుట, వ్రాయుట, నడపుట అను మూడు అధికారములు యజమానికెన్ని, అతని జట్టుకెన్ని, ఇతరులకెన్ని యని వాని అర్థము. ఇచ్చట కొందరు తొందరపడి ‘సూడో’ అను సర్వాధికారి మాటను ముందు చేర్చి ఎడిటరును తెరతురు. పని జరిగినట్లే యుండును. కాని ఆ విధముగా పుట్టిన క్రొత్త ఫైలు సర్వాధికారి సొత్తగును; మరునాడు ఆ బాలుడు తాను వ్రాసినదానినే తాను దిద్దుకొనలేడు. కారణము తెలియని మందు క్రొత్త రోగమును తెచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

విద్యుత్తు ఆగి మరల వచ్చినపుడు కనబడు “ఇ325: అటెన్షన్” అను పెద్ద హెచ్చరికను చూచి పిల్లలు మిక్కిలి బెదరుదురు. నిజమునకు అది చుట్టమువంటిది. మనము వ్రాయుచుండగా విమ్ ఒక రహస్యప్రతిని ప్రక్కన ఉంచుకొనును. దానికి స్వాప్ ఫైలని పేరు. 200 అక్షరములు టైపుచేయగానే, లేదా 4 సెకన్లు చేయి ఆగగానే, ఆ ప్రతిలో క్రొత్త మార్పులు చేరును. హెచ్చరిక రెండు సంగతులలో నేదో ఒకటి జరిగినదని చెప్పును: అదే ఫైలు మరియొక చోట తెరచియుండవచ్చును, లేదా వెనుకటి పని మధ్యలో తెగియుండవచ్చును. “స్టిల్ రన్నింగ్” అని యున్నచో మొదటిదని తెలిసికొని ‘క్యూ’ నొక్కి బయటికి రావలెను. రెండవదైనచో ‘ఆర్’ నొక్కి పోయినదానిని రాబట్టి, వేరొక పేరుతో భద్రపరచి, పాతదానితో పోల్చిచూచి, ఆ తరువాతనే స్వాప్ ఫైలును తొలగింపవలెను. చదువక ‘డి’ నొక్కిన బాలుడు తన శ్రమను తన చేతితోనే తుడిచివేసికొనును.

మూడవ విధమైన దోషము ఎడిటరు తెరచునప్పుడే వచ్చును. విమ్ఆర్‌సీ అను అమరికల ఫైలులో ఫలానా పంక్తియొద్ద “ఇ492: నాట్ యాన్ ఎడిటర్ కమాండ్” అని అది చెప్పును. ఏ ఫైలు, ఎన్నవ పంక్తి, ఏ మాట అను మూడును ఆ వాక్యములోనే యున్నవి. ఇంత స్పష్టముగా తప్పు చూపు పరీక్షాధికారి మనకెక్కడ దొరకును? అప్పటికిని తెలియనిచో ‘విమ్ --క్లీన్’ అని, మన అమరికలేవియు లేకుండ ఎడిటరును తెరచి చూడవలెను. దోషము మాయమైనచో తప్పు విమ్‌ది కాదు, మన అమరికలదే. అమరికలలో సగమును ముందు ఉద్ధరణచిహ్నము పెట్టి నిలిపివేసి, దోషము ఏ సగమున నున్నదో చూచి, దానిని మరల సగము చేయవలెను. ఒక్క పంక్తిలోనే తప్పున్నచో, 64 పంక్తులలో దానిని పట్టుటకు 6 మారులు చాలును.

తెలుగు టైపుచేసినప్పుడు అక్షరములకు బదులు పెట్టెలు కనబడినచో ఫైలు చెడినదని ఏడ్వనక్కరలేదు. ఆ తెరకు తెలుగు అచ్చు అందలేదని మాత్రమే అర్థము. పెట్టెలుగాక పొందికలేని గుర్తుల గుంపు కనబడినచో అది వేరు వ్యాధి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము 3 బైట్లు ఆక్రమించును. దానిని వేరొక సంకేతపద్ధతిగా చదివినపుడు ఆ గుంపు కనబడును. రెండింటిని వేరుచేసి చూడగలిగినవాడే వైద్యుడు.

“గంట 40 నిమిషములే, ఇదంతయు నేర్పుటకు వ్యవధి యేది?” అని కొందరందురు. తప్పునకు 5 నిమిషములు నేడు ఇవ్వనివారు రేపు గంటయంతయు ఇవ్వవలసివచ్చును. “ఆ వాక్యమును ఫోనులో అడిగిన సమాధానము వచ్చును గదా?” అని మరికొందరందురు. రావచ్చును. కాని అడుగుటకైనను వాక్యమును ఉన్నది ఉన్నట్లు చూచి వ్రాయవలెను; వచ్చిన ఆజ్ఞ తన ఫైలును దిద్దునో తుడిచివేయునో తెలిసికొనవలెను. అర్థము తెలియక అతికించిన ఆజ్ఞ కన్నుమూసికొని మ్రింగిన మందుతో సమానము.

భాష సంగతియు చెప్పవలసియున్నది. ఈ దోషములలో మాటిమాటికి వచ్చు మాటలు బహుస్వల్పములు: ఫైల్, డైరెక్టరీ, పర్మిషన్, డినైడ్, రీడ్ ఓన్లీ, నాట్ ఫౌండ్, లైన్. మన హోసూరు ప్రాంతపు పిల్లవాడు ఇంట తెలుగు, కచేరీలో తమిళము, సంతలో కన్నడము పలుకుచు పెరుగుచున్నాడు. బస్సు పలకను పరభాషలో చదివి ఊరు చేరగలవాడు పట్టుమని పది ఇంగ్లీషు మాటలకు వెరచునా? వెరపు భాషవలన వచ్చినది కాదు. “నీకు రాదు” అని మనము చెప్పుటవలన వచ్చినది.

కావున మా సూచన యిది. కంప్యూటరు గది గోడమీద ఈ మాటలను తెలుగు అర్థములతో వ్రాసి తగిలింపవలెను. ప్రతి తరగతికి ఒక దోషపుస్తకము ఉండవలెను. అందు తేది, యంత్రము పలికిన వాక్యము, కనుగొన్న కారణము, చేసిన దిద్దుబాటు అను నాలుగును కనుగొన్న విద్యార్థియే తెలుగులో వ్రాయవలెను. ఆ పుస్తకము వెనుక వచ్చు తరగతికి వారసత్వముగా అందవలెను.

విద్యార్థులారా! ఎఱ్ఱని పట్టీ కనబడినప్పుడు మీటలనుండి చేయి తీయుడు. కన్ను మాత్రము తీయకుడు. వాక్యమును తుదివరకు చదువుడు. అర్థము కానిచో దానిని కాగితముపై వ్రాసికొని మాయొద్దకు రండు. “మిషను చెడినది” అని రావలదు. “మిషను ఇట్లు చెప్పినది” అని రండు. అట్లు వచ్చిననాడు సగము దిద్దుబాటు అప్పటికే జరిగియుండును.