బొంబాయికి మనం, మన నాట్లకు బీహారోళ్లు

బొంబాయిలో కామాఠీపుర అంటే ఇవాళ దేశమంతా ఇంకేదో అనుకుంటుంది. అసలు ఆ పేరు కూలీలది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే నిజాం రాజ్యం నుంచి వెళ్లి రాళ్లు మోసి, గోడలు కట్టిన తెలుగువాళ్లను అక్కడ కామాఠీలన్నారు. జోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. ఆ తర్వాత మన నల్లగొండ పద్మశాలీలు వర్లీ, పరేల్ బట్టల మిల్లుల్లో చేరారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు నిలబడ్డారు. మిల్లులు మూతబడుతూ పోతే మనవాళ్లు భివండి మరమగ్గాలకు మళ్లారు.

పాలమూరు సంగతి చెప్పనవసరం లేదు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు బొంబాయి బస్సు ఎరగని ఊరుందా? కృష్ణ తెలంగాణలో అడుగు పెట్టేది మన జిల్లాలోనే. అయినా మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే మనకు పారుదల. 12 లక్షల 30 వేల ఎకరాలకు నీళ్లని 2015 జూన్‌లో శంకుస్థాపన చేసిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కోసం పదేళ్లు దాటినా ఎదురుచూస్తూనే ఉన్నాం.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఇప్పుడు సగానికి దగ్గరగా ఉన్నది లాటినోలే, ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్లు. 1848 దాకా ఆ ఊరు మెక్సికోదే. 1994లో నాఫ్టా ఒప్పందం వచ్చాక సబ్సిడీ తిన్న అమెరికా మక్కలు మెక్సికో మార్కెట్‌లో పడ్డాయి. అక్కడి చిన్న రైతు మక్క పెంచి బతకలేక సరిహద్దు దాటి, కాలిఫోర్నియా తోటల్లో కూలీ అయ్యాడు. ఆ కూలీల చేతి పంటే తింటున్న దేశం 2025 జూన్‌లో అదే నగరంలో వాళ్లను వెతికి పట్టుకోవడానికి దిగింది, సైన్యాన్నీ దించింది. బొంబాయిలోనూ 1966లో పుట్టిన శివసేన మొట్టమొదట పడ్డది దక్షిణాది వాళ్ల మీదనే.

ఇక మన పొలాలకు వద్దాం. నల్లగొండ ఆయకట్టులో నాట్లకు ఇప్పుడు బీహార్, బెంగాల్ గుంపులు దిగుతున్నాయి. ఎకరానికింతని గుత్త. పడుకునేది బోరు మోటారు కొట్టంలోనో, బడి వరండాలోనో. నల్లగొండకు నీళ్లు తేవలసిన ఎస్సెల్బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలితే లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ కూలీలు. మన పాలమూరు బిడ్డ బొంబాయిలో బిల్డింగు కడుతుంటే, మన నీళ్ల కోసం జార్ఖండ్ బిడ్డ మన గుట్ట కింద పోయాడు.

'వాళ్లొచ్చి మన ఆడోళ్ల కూలి చెడగొడుతున్నారు' అనే మాట సంఘం సమావేశాల్లోనూ వినబడుతోంది. కూలి తగ్గుతున్న మాట నిజమే కావచ్చు. కానీ తగ్గించేది బీహారు కూలీ కాదు. ఇద్దరి మధ్య నిలబడి కమీషన్ తినే మేస్త్రీ, ఎకరాకు వంద మిగిలితే చాలనుకునే రైతు. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. పెట్టుబడి పెరిగి, ధర రాక రైతు నలుగుతున్నాడు, నిజం. ఆ లోటు కూలీ పొట్ట కొట్టి పూడదు, ధర కోసం కొట్లాడితేనే పూడుతుంది. బొంబాయిలో మనవాళ్లను ఎవరైనా ఇదే మాట అంటే ఊరుకుంటామా?

1979 అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం అయిదుగురు కూలీలుంటే వర్తించేది. మేస్త్రీకి లైసెన్సు, కూలీకి పాసుబుక్కు, నిర్వాసిత భత్యం అందులో ఉండేవి. 2020 కోడ్ ఆ అయిదును పది చేసింది, భత్యాన్ని ఎత్తేసింది. పోయిందానికి మన కూలీ, వచ్చినవాడు ఇద్దరూ నష్టపోయారు.

వానాకాలం నాట్లకు ముందే గ్రామ కమిటీలు రెండు పుస్తకాలు పెట్టాలని మేము కోరుతున్నాం. ఒకదాంట్లో ఊరు విడిచి పోయినవాళ్ల పేర్లు రాయాలి: ఏ మేస్త్రీ తోలుకపోయిండు, అడ్వాన్సు ఎంత, రైతుబీమా జాబితాలో పేరుందా. పాసు పుస్తకం ఉండి బొంబాయిలో ఉన్నవాళ్ల నామినీ వివరాలు ఏఈవో దగ్గర సరిచూడాలి. రెండోదాంట్లో ఊరికొచ్చిన గుంపుల పేర్లు: ఎక్కడివాళ్లు, ఎకరాకు ఎంత ఒప్పుకున్నారు, కూలీ చేతికి ఎంత ముట్టింది, పడుకోను చోటు, తాగను నీళ్లు ఉన్నాయా. స్థానిక మహిళలకూ వాళ్లకూ ఒకే రేటు ఊరి కూర్చోలులో తేల్చాలి. రెండు పుస్తకాలూ మండల కమిటీ మీటింగుకు తీసుకురావాలి.