కట్టుగుడ్డ నేసే సీమలో కత్తి కథలా?

ఇంగ్లిష్ కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను పిరికివాడని ఎవరూ అనలేకపోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో అతని దుడుకు చూసి తోటివాళ్లు ‘మ్యాడ్ జాక్’ అన్నారు, ప్రభుత్వం మిలిటరీ క్రాస్ ఇచ్చింది. అంతటివాడు 1917లో, ఆపగలిగినవాళ్లే ఈ యుద్ధాన్ని కావాలని సాగదీస్తున్నారని రాసి సంతకం చేశాడు. జులై 30న దాన్ని బ్రిటిష్ పార్లమెంటులో చదివారు. ఏం చేశారు? కోర్టు మార్షల్ చేస్తే రచ్చవుతుందని, మతి చెడిందంటూ ఎడింబరో దగ్గర ఆసుపత్రిలో పెట్టారు. నిజం చెప్పినవాడు పిచ్చివాడు, చంపించినవాళ్లు దేశభక్తులు! అప్పటికే కవిగా నిప్పులు చెరుగుతున్న ఆ మనిషి 1928 నుంచి నవలల్లోనూ ఆ కాలాన్ని తవ్విపోశాడు.

మనకు అలాంటివాడేడీ? కవి తిలక్ ఏ పటాలంలోనూ చేరకుండానే సైనికుడి ఉత్తరాన్ని కవిత చేశాడు. ఆరుద్ర 1943 నుంచి 1947 దాకా వైమానిక దళంలో ఉన్నాడు, కానీ అతని కావ్యం ‘త్వమేవాహం’ మండింది రజాకార్ల దారుణాల మీద. మరి తుపాకీ పట్టి వచ్చిన వేలమంది? వాళ్లు మూగవాళ్లు కారు. మనమే నోరు నొక్కాం. సెలవుకొచ్చిన జవానుకు దండ వేసి, ‘ఎంతమందిని లేపావు?’ అని అడుగుతాం. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగామా?

అందులో తమిళనాట మన రాజపాళయం మరీ ఘోరం. మైకు దొరికితే చాలు, విజయనగర సైన్యాలతో కత్తి దూసి వచ్చామంటారు పెద్దలు. మన రాజపాళయం జాతి కుక్కకు 2005లో తపాలా బిళ్ల వేశారు, సంతోషమే. పాళెగాళ్ల యుద్ధాల్లో అది తెల్లవాళ్ల గుర్రాల మీద పడిందన్న కథ చెబుతూ మీసం మెలేస్తాం. ఆ యుద్ధాల్లో కూలిన కాల్బలంలో ఒక్కడి పేరు చెప్పండయ్యా! పక్కనే సత్రపట్టి మరమగ్గాల మీద గాయాలకు కట్టే గుడ్డ నేస్తున్నారు. గొప్పలు చెప్పే నోళ్లకు ఆ మగ్గాల చప్పుడు వినిపించదు కాబోలు.

మీరు తలుచుకునే ఆ విజయనగర రాజు కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర నడుమ కలగని, రాసింది శ్రీవిల్లిపుత్తూరులో పూలదండలు తాను వేసుకుని దేవుడికిచ్చిన పిల్ల కథ. ‘ఆముక్తమాల్యద’ను తమిళంలోకి తెచ్చి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి అందుకున్న ము.కు. జగన్నాథరాజా మన ఊరివారే. కత్తి గుర్తుంది, కావ్యం ఎంతమంది తిరగేశారు?

పటాలం నుంచి రిటైరై వచ్చిన అన్నలారా, పతకాల సంగతి పక్కనపెట్టి చూసింది రాయండి. తెలుగులోనో తమిళంలోనో, మన ఇంటి యాసలోనో. అచ్చు ఖర్చు ఆ మీసాల పెద్దల దగ్గరే చందా వసూలు చేద్దాం.